లిపి లేదన్న నెపం

"మీది భాషా? దానికి లిపి ఉందా?" ఈ ప్రశ్న ఎదురుకాని ఆదివాసీ యువకుడు ఉండడు. హాస్టల్లో అడుగుతారు, కాలేజీలో అడుగుతారు, అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళితే గుమస్తా కూడా అడుగుతాడు. లేదని చెప్పగానే అడిగినవాడి ముఖం వికసిస్తుంది. "అయితే అది భాష కాదు, యాస" అని తేల్చేస్తాడు. మన పిల్లలకు బడిలో మన మాటల్లో ఎందుకు చెప్పరు అన్న అసలు ప్రశ్న ఆ దెబ్బతో పక్కకు పోతుంది. లిపి మాట ఎత్తేది అందుకే.

ఈ వాదంలో ఎంత పస ఉందో చూద్దాం. ఇంగ్లీషుకు సొంత లిపి లేదు, రోమన్ల అక్షరాలు తెచ్చుకుంది. హిందీ, మరాఠీ, నేపాలీ ఒకే దేవనాగరిలో నడుస్తున్నాయి. టర్కీ దేశం 1928లో అరబ్బీ అక్షరాలు వదిలి లాటిన్ అక్షరాలకు మారింది. జనం మాత్రం నిన్నటి భాషే మాట్లాడారు. అవన్నీ పెద్ద భాషలు, మనకెందుకంటారా? అస్సాంలో బోడోలున్నారు, మనలాంటి గిరిజనులే. వాళ్ల భాష 2003లో రాజ్యాంగ 92వ సవరణతో ఎనిమిదో షెడ్యూలులో చేరింది. బోడోను దేవనాగరిలోనే రాస్తారు. అదే సవరణతో చేరిన సంతాలీకి ఓల్ చికి అనే సొంత లిపి ఉంది. ఒకటి సొంత లిపితో, ఒకటి అరువు లిపితో, రెండూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్లాయి. పార్లమెంటులో ఎవరూ తలుపు మూయలేదు.

జనం చాలరంటారా? 2011 జనాభా లెక్కల్లో సంస్కృతం మా మాతృభాష అన్నవారు 24,821 మంది. గోండి అన్నవారు 29,84,453. సవర అన్నవారు 4,09,549. కోయ అన్నవారు 4,07,423. సంస్కృతం షెడ్యూలులో ఉంది, ఈ మూడూ లేవు. సంస్కృతం మీద నాకు కోపం లేదు. కానీ దానికి కూడా తనది మాత్రమే అయిన లిపి లేదు. తెలుగునాట పురోహితులు మంత్రాలను తెలుగు అక్షరాల్లోనే చదువుకుంటారు. వారిని ఎవరూ "మీది యాస" అని అనలేదు. కనుక కొలత లిపీ కాదు, తలలూ కాదు. ఎవరి నోట ఉన్న భాష అన్నదే కొలత.

యాస అన్న మాటకూ ఇక్కడే జవాబు చెప్పుకోవాలి. కోయ, గోండి ద్రావిడ భాషలే కానీ తెలుగుకు పిల్లలు కావు. తెలుగులో ఏరు అంటే వాగు. గోండిలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో నారు అంటే నాటు వేసే మొక్కలు. గోండిలో నార్ అంటే ఊరు. పక్కపక్కన పెరిగిన రెండు భాషల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయి. మొదటి తరగతిలో పంతులు ఒకటి అంటే పిల్లకు మరొకటి వినిపిస్తుంది. ఆ పిల్ల తికమక పడితే "మందబుద్ధి" అని ఆయన అనుకుంటాడు. ఇక సవర అయితే ద్రావిడ భాష కూడా కాదు. అది ముండా కుటుంబంలోది, సంతాలీకి చుట్టం. దాన్ని తెలుగు యాస అనేవాడికి సవరా తెలియదు, తెలుగూ తెలియదు.

ఈ ఎగతాళి పడలేక మనవాళ్లు లిపి వెంట పడ్డారు. ఆ తపన అర్థం చేసుకోదగ్గదే. 1918లో బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్‌సింగ్ మసారామ్ గోండికి ఒక లిపి కూర్చారు. 1936లో ఒడిశా వైపు మంగేయి గొమాంగో సవరకు సోరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి రాతప్రతులు బయటపడ్డాయి, ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు వాటి మీద శ్రమించారు. ఆ ప్రతులు చూసినప్పుడు గోండు పెద్దల కళ్లు చెమర్చి ఉంటే ఆశ్చర్యం లేదు.

తర్వాత కంప్యూటరు వచ్చింది. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె తెలుస్తుంది. ప్రపంచంలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించుకున్న ఒప్పందాన్ని యూనికోడ్ అంటారు. తెలుగు 'క' సంఖ్య 3093. మీ ఫోనులోంచి నా ఫోనుకు 'క' అని పంపితే గాలిలో వెళ్లేది ఆ సంఖ్యే, ఇక్కడ నా ఫోనులోని ఫాంటు దానికి బొమ్మ గీస్తుంది. సోరంగ్ సొంపెంగ్‌కు ఈ పట్టికలో 2012లో చోటు దొరికింది, మసారామ్ గోండికి 2017లో, గుంజాల గోండికి 2018లో. మనవాళ్లు పండగ చేసుకున్నారు. చేసుకోవలసిందే. ఫాంట్లు కూడా వచ్చాయి, ఉచితంగానే దొరుకుతున్నాయి.

మరి ఆ తర్వాత? సంఖ్య, ఫాంటు, కీబోర్డు ఉన్నంత మాత్రాన రాసేవాడు పుట్టడు. చదివేవాడు అసలే పుట్టడు. గుంజాల లిపిలో సంఘం బోర్డులు చూశాం, చొక్కాల మీద అచ్చులు చూశాం, సభల్లో బ్యానర్లు చూశాం. ఆ బ్యానరు కింద నిలబడి ఫొటో దిగిన నాయకుల పిల్లలు ఎక్కడ ఏ మీడియంలో చదువుతున్నారో అడిగి చూడండి. నేను అడిగేది ఒక్కటే: గణితం, పరిసరాల విజ్ఞానం గోండిలో వింటున్న మూడో తరగతి ఏ ఊళ్లో ఉంది? ఉట్నూరు దగ్గర గుంజాల లిపిలో రాసిన ఉత్తరాన్ని బాలాఘాట్‌లో మసారామ్ లిపి నేర్చినవాడు చదవలేడు. ఆ ఉత్తరమే నోటితో చెబితే సగమైనా పట్టుకుంటాడు. భాషను నలుగురిలోకి తెస్తుందనుకున్న లిపి ఉన్న నలుగురినీ విడదీస్తోంది.

నా మాట కొందరికి చేదుగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మన పిల్లలకు మొదటి తరగతిలో మన భాషను తెలుగు అక్షరాల్లోనే నేర్పాలి. ఆరేళ్ల పిల్ల మీద తెలుగు లిపి, ఇంగ్లీషు లిపి, సొంత లిపి మూడూ ఒకేసారి మోపకూడదు. తెలిసిన మాటలతో అక్షరాలు పట్టుబడితే అవే అక్షరాలతో రేపు తెలుగు కూడా చదువుకుంటుంది. సొంత లిపిని నాలుగులోనో ఐదులోనో గౌరవంగా నేర్పుదాం. తెలుగు లిపిలో రాస్తే మన భాష తెలుగైపోతుందని భయపడేవారున్నారు. రాత అన్నదే లేని ఊళ్లలో కూడా మన భాష తెలుగైపోతూనే ఉంది కదా! బడి మొత్తం తెలుగులో ఉంది, బస్సు తెలుగులో ఉంది, టీవీ తెలుగులో ఉంది. లిపి ఏ పాపం చేసింది?

తెలుగు లిపికి లోటు లేదని నేననడం లేదు. సవరలో గొంతు దగ్గర గాలిని పట్టి ఆపి వదిలే శబ్దం ఒకటుంది, తెలుగులో దానికి అక్షరం లేదు. దానికి ఒక గుర్తు పెట్టుకోవాలి, అంతే. ఇదేమీ కొత్త పని కాదు. వందేళ్ల కిందటే గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, తెలుగు అక్షరాల్లో సవర వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. పూలదండలు వేస్తారు, ఉపన్యాసాలిస్తారు. ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో పిల్లలకు చదువు చెప్పడం అన్యాయమని ఆయన పోరాడారని గుర్తు చేసుకుంటారు. ఆ ఉపన్యాసం ఏజెన్సీ బడిలో ఇస్తున్న సారును ఒక్క మాట అడగండి: ఎదురుగా కూర్చున్న సవర పిల్లలకు మీ తెలుగు ఆనాటి గ్రాంథికంలా వినిపించడం లేదా? గిడుగు వాదనలో తెలుగు అన్న చోట సవర అని పెట్టి చదివితే ఆయన మన పక్షానే ఉన్నారని తెలుస్తుంది. దండ వేసినవారికి ఈ సగం గిడుగు అక్కర్లేదు.

"సరే, కథలూ పాటలూ అయితే మీ భాషలో చెప్పుకోండి, లెక్కలూ సైన్సూ ఎలా చెబుతారు?" అని ఇంకో ప్రశ్న వస్తుంది. దీనికి సవర అంకెలే జవాబు. సవర లెక్క పది దగ్గర ఆగి మలుపు తిరగదు, పన్నెండు దాకా వెళుతుంది. పదమూడును పన్నెండూ ఒకటి అంటారు. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవై వచ్చేసరికి కొత్త కట్ట మొదలవుతుంది. ముప్పై మూడు అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. ఎనభైకి పన్నెండు కలిపి, దానికి ఒకటి కలిపి చూసుకోండి, సరిపోతుంది. ప్రపంచ భాషల్లో అరుదైన పద్ధతిగా భాషాశాస్త్రజ్ఞులు దీన్ని చెప్పుకుంటారు. మన బడిలో దీన్నే తప్పు అంటారు.

పన్నెండు మనకు కొత్తా? గడియారంలో పన్నెండు, ఏడాదిలో పన్నెండు, అరటిపళ్లు డజను. పన్నెండును రెండుతో, మూడుతో, నాలుగుతో, ఆరుతో భాగించవచ్చు. పదిని రెండుతో, ఐదుతో మాత్రమే. సంతలో పంచుకోవడానికి ఏది సుఖమో తరాజు పట్టినవాడికి తెలుసు. ఇరవైల లెక్క తెలుగు రైతులకు కూడా ఉండేది, ఇరవై తూములు ఒక పుట్టి. ఫ్రెంచివాళ్లు ఇవాళ్టికీ ఎనభైని నాలుగు ఇరవైలు అనే అంటారు, వాళ్లను ఎవరూ లెక్క రానివాళ్లు అనలేదు. ఇంట్లో ముప్పై మూడును ఇరవై, పన్నెండు, ఒకటిగా విడదీసి పలికే పిల్ల అప్పటికే కూడిక చేస్తోంది, స్థానవిలువ గురించి ఆలోచిస్తోంది. బల్ల మీద చింతగింజలు పోసి "మీ ఇంట్లో దీన్ని ఎలా అంటారు? పుస్తకంలో ఎలా అంటారు?" అని అడిగే టీచరు దొరికితే ఆ పిల్లకు రెండు పద్ధతుల గణితం వస్తుంది. అడగని టీచరు దొరికితే ఒకటి పోతుంది, రెండోది రాదు.

ఆక్సిజన్‌కు కువిలో మాట ఉందా అని వెటకారం చేసేవారికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తెలుగులో ఉందా? ప్రాణవాయువు అని సంస్కృతం తెచ్చుకున్నారు, అదీ చాలక ఆక్సిజన్ అనే అంటున్నారు. వాళ్లు అరువు తెచ్చుకుంటే అభివృద్ధి, మనం తెచ్చుకుంటే లోటు!

అంటే లిపి అడ్డం కాదు, అంకెలు అడ్డం కాదు, మాటలు అడ్డం కాదు. మరి ఏది అడ్డం? చట్టం కూడా కాదు. రాజ్యాంగం 350-ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని 1956 నుంచీ చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలోనే అంటోంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా అంటోంది, అక్కడా "వీలైన చోట" అనే తోక ఉంది. ఆ తోక పట్టుకునే ప్రభుత్వాలు ఏళ్లుగా ఈదుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి బడుల్లోకి పంపారు. చేయవచ్చని అప్పుడే తేలిపోయింది. మన ఊళ్ల బొమ్మలు, మన పండగలు, మన మాటలు ఆ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకం వచ్చిన చోట టీచరు రాలేదు, టీచరు ఉన్న చోట మరుసటేడు పుస్తకం రాలేదు. పక్కనున్న ఒడిశా ఆ తర్వాత మొదలుపెట్టి 21 భాషల దాకా వెళ్లింది. అక్కడా లోపాలు లేకపోలేదు, కానీ ఆ పని ఆగలేదు.

టీచరు మాట వచ్చింది కనుక జీవో 3 సంగతి చెప్పుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన ఆ జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్నది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడం ఏమిటి, ఇతరులు ఎందుకు చెప్పకూడదు అన్న అర్థంలో ప్రశ్నించింది కూడా. ఆ మాటకు మనకు మంట పుట్టింది, రోడ్డెక్కాం, బంద్‌లు చేశాం. కానీ ఆ ప్రశ్నకు సూటి జవాబు ఇచ్చామా? జవాబు ఉంది. ఇతరులు చెప్పకూడదని కాదు, చెప్పలేరు, ఎందుకంటే మొదటి తరగతి పిల్లకు వచ్చిన భాష వాళ్లకు రాదు. ఆ జీవో పుట్టింది కూడా ఏజెన్సీ బడులకు బయటి టీచర్లు రావడం లేదన్న కారణంతోనే, భాష కారణంతో కాదు. టీచరు గైర్హాజరుకు వేరే మందులున్నాయని ఎవరైనా అనగలరు. భాష రాని టీచరుకు ఏ మందూ లేదు.

అందుకని రిజర్వేషన్ పోరాటాన్ని వదలమని కాదు, దానికి ఇంకో కాలు పెట్టమంటున్నాను. కోయ పిల్లలున్న బడిలో ప్రాథమిక తరగతుల పోస్టుకు కోయ మాట్లాడటం అర్హత కావాలి. డీఎస్సీలో తెలుగుకు పరీక్ష ఉంది, హిందీ పండిట్‌కు హిందీ పరీక్ష ఉంది, కోయ పిల్లల టీచరుకు కోయ పరీక్ష పెట్టమంటే ఎవరి సమానత్వం దెబ్బతింటుంది? ఏ కులంవాడైనా కోయ నేర్చుకుని వచ్చి రాయవచ్చు. వస్తే సంతోషం, గిడుగు గారిలాంటివాడు ఇంకొకడు దొరికినట్టే. ఇందులో మనవాళ్లకూ ఒక ముల్లు ఉంది. ఎస్టీ సర్టిఫికెట్ ఉన్న ప్రతివాళ్లకూ ఆ ఊరి భాష వస్తుందని లేదు. ఈ పరీక్ష పెడితే మనలో కొందరు తప్పుతారు. తప్పితే నేర్చుకోవాలి.

ఈ మధ్య ఇంకో ఆశ మొలిచింది. యంత్రమే మన భాష నేర్చుకుని అనువాదం చేసేస్తుందట. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో ఆది వాణి పేరుతో సంతాలీ, భీలీ, ముండారీ, గోండి భాషలకు ఒక అనువాద యాప్ తెచ్చింది. ఇది మంచిదే. ఆసుపత్రిలో డాక్టరు మాట అర్థంకాక చూసే ముసలమ్మకు, పథకం కాగితంలో ఏముందో తెలియని రైతుకు పనికొస్తే ఎవరు కాదంటారు? కానీ యంత్రం ఎలా నేర్చుకుంటుందో మన యువకులు తెలుసుకోవాలి. అది వ్యాకరణం చదవదు. లక్షల వాక్యాలు, వేల గంటల మాటలు ముందు పోస్తే వాటిలో ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో లెక్క కట్టుకుంటుంది. తెలుగుకు పత్రికలు, పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. కొలామికి ఏమున్నాయి? ఉన్న కొద్ది గోండి కూడా హిందీ ప్రాంతపు గోండి అయితే యాప్ ఆ గోండే పలుకుతుంది, ఆదిలాబాద్ అవ్వ నోరు వెళ్లబెడుతుంది. మన కథలు, పాటలు, మందుల మొక్కల పేర్లు రికార్డు చేసుకుపోయేవారు ఊళ్లకు వస్తారు. వచ్చినవాళ్లను తరమనక్కర్లేదు. ఆ రికార్డింగుల నకలు ఊరి బడిలో ఉంటుందా, చెప్పినవారి పేరు ఉంటుందా, అమ్ముకుంటే వాటా ఉంటుందా అని గ్రామసభలో అడిగి, కాగితం మీద రాయించుకుని ఇవ్వండి.

నా భయం యాప్ మీద కాదు, యాప్ చూపించి టీచరు పోస్టు ఎత్తేసేవాళ్ల మీద. "ట్యాబ్ ఇచ్చాం, అందులో మీ భాష ఉంది" అనే రోజు దూరం లేదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన ఊళ్లకు ఆ మాట చెబుతారు. ఆరేళ్ల పిల్ల భాష నేర్చేది ఎదురుగా నవ్వే మనిషి దగ్గర. నిన్న లిపి లేదన్నారు, ఇవాళ యాప్ ఉందంటున్నారు. రెండింటికీ ఫలితం ఒకటే, బడిలో మన మనిషి ఉండడు.

ఇక ముందున్నది జనాభా లెక్క. 2027 మార్చి 1 తేదీని లెక్కకు ఆధారంగా పెట్టుకున్నారు, ఈసారి ఎన్యూమరేటర్లు ఫోన్లలోనే వివరాలు నింపుతారు. 2011లో జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వాటిని సవరించి, కలిపి, 1,369 మాతృభాషలుగా, చివరికి 121 భాషలుగా తేల్చారు. 1971 నుంచీ పదివేల మంది లేని భాషకు ఆ పట్టికలో వేరే పేరు ఉండదు, ఇతరములలో కలిసిపోతుంది. పేరు లేని భాషకు ఏ అధికారి వాచకం రాయిస్తాడు? ఒక్కో ఇంట్లో తప్పు పడితే ఒక భాష పదివేల గీత కిందికి జారవచ్చు.

తప్పు ఎలా పడుతుందో మనకు తెలుసు. ఎన్యూమరేటర్ తెలుగులో అడుగుతాడు, మనం మర్యాదకు తెలుగులోనే జవాబు చెబుతాం, అతను మాతృభాష దగ్గర అడగకుండానే తెలుగు అని నింపేసుకుని పోతాడు. మన సంఘాలు మరోవైపు, రాకపోయినా సరే తెగ పేరే భాషగా చెప్పండి అని ప్రచారం చేయడం మొదలుపెడతాయి. అదీ తగదు. చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష అని జనాభా లెక్కల నిర్వచనం. తల్లి తెలుగులో మాట్లాడి ఉంటే తెలుగు అనే చెప్పాలి. ఎన్ని ఊళ్లలో భాష పోయిందో మనకు కూడా తెలియాలి కదా, అక్కడ బడి మొదలుపెట్టే పద్ధతి వేరే ఉంటుంది.

ఎన్యూమరేటర్లుగా వెళ్లేది ఎక్కువగా టీచర్లే. ఈ పుస్తకం చదువుతున్నవారిలో చాలామంది ఆ పనిలో ఉంటారు. వాకిట్లో కూర్చుని ఇంటి భాషలోనే అడగండి: "చిన్నప్పుడు మీ అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడేది?" కువి అంటే కువి, కొలామి అంటే కొలామి. "మీకు తెలుగు వచ్చు కదా" అని మీరే తేల్చకండి. 2011 ఫారంలో మాతృభాషకు ఒక గడి ఉంది, వచ్చిన ఇతర భాషలకు వేరే గడి ఉంది. తెలుగు వచ్చినవారికి తెలుగు రాయవలసింది ఆ రెండో గడిలో.